నర్సు అన్న 'నె'

ఆపరేషన్ గదిలోంచి వచ్చిన గ్రీకు నర్సు చేతులు పట్టేసుకుంది కాలీనా. పీచ్ తోటలో నిచ్చెన మీంచి పడ్డ మొగుణ్ణి పొద్దునే లోపలికి తీసుకెళ్లారు.

"మా ఆయన పోయాడామ్మా?" వచ్చీరాని గ్రీకులో అడిగింది.

నర్సు తల దించుకుని, "నె" అంది.

కాలీనా ఏడుస్తూనే నవ్వేసింది. "లేదందక్కా! పోలేదంట!" అంటూ పక్కనున్న స్తొయాంకాను వాటేసుకుంది. ఇద్దరిదీ బల్గేరియాలో ఒకటే ఊరు. వాళ్ల భాషలో 'నె' అంటే లేదని.

స్తొయాంకా పన్నెండేళ్లుగా ఈ తోటల్లోకి కూలికొస్తున్న మనిషి. గ్రీకులో 'నె' అంటే అవునని ఆమెకి తెలుసు.

"ముందు నువ్వు కూర్చోవే."

"కూర్చోడమేంటక్కా, ఇంటి దగ్గర పిల్ల అన్నం మానేసి ఉంది." అప్పటికే ఫోను కలిపేసింది. "బంగారం, నాన్నకేం కాలేదే!"

అవతల పిల్ల కేరింత స్తొయాంకాకీ వినబడింది. ఫోను లాక్కుని, "అమ్మ మళ్లీ చేస్తుందమ్మా" అని పెట్టేసింది.

"అదేంటక్కా, దాన్ని మాట్లాడనీ!"

స్తొయాంకా ఫోను తిరిగివ్వలేదు. కాలీనా ఆమె ముఖంలోకి చూసింది. నర్సు వైపు చూసింది. నర్సు కళ్లు తుడుచుకుంటోంది.

కాలీనా మెల్లగా బల్ల మీద కూలబడింది.

"చెప్పకక్కా," అంది. "ఇంకాసేపు చెప్పకు."