కొట్టేసిన వాక్యాలు

"పార్కు వాళ్ళ లాయరు నోటీసు పంపాడమ్మా. జెయింట్ వీల్ ప్రమాదం కేసు గురించి నువ్వు పక్షపాతంతో రాస్తున్నావట. రేపటి పేపర్లో జవాబివ్వాలి," అన్నాడు ఎడిటర్, ఆమె ముఖం చూడకుండా.

"ఇద్దాం సార్. వాళ్ళ మేనేజరు చెప్పింది కూడా పొల్లుపోకుండా వేశాం కదా," అంటూ రిపోర్టరు నోటీసు అందుకుంది.

మూడో పేరా ఆమె రెండుసార్లు చదివింది. 'మీ రిపోర్టరు చిన్నప్పుడు మా పార్కులో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ కక్షతోనే రాస్తోంది.'

ఆమె కుంటి నడక పుట్టుకతో వచ్చిందనే ఆఫీసంతా అనుకుంటుంది. అసలు సంగతి ఒక్కరికే తెలుసు.

"మీకు చెప్పాను సార్. ఈ కేసు వేరేవాళ్ళకి ఇమ్మన్నాను. నిజం రాస్తే చాలు, నువ్వే రాయన్నారు."

"మన యజమానీ పార్కు ఓనరూ స్నేహితులమ్మా. మన యజమాని గుచ్చిగుచ్చి అడిగితే నోరు జారాను."

ఆమె అక్కడే కూర్చుని జవాబు రాసింది. 'నేను పడ్డ మాట నిజం. ఆ సంగతి ముందే మా ఎడిటర్‌కి చెప్పాను. ఆయనే రాయమన్నారు. నా వార్తల్లో తప్పుంటే చూపించండి.'

"ఇందులో అబద్ధముంటే కొట్టేయండి సార్."

ఆయన చదివి, కలం తీసి మధ్యలో రెండు వాక్యాలు కొట్టేశాడు.

"అవి అబద్ధాలా?"

"కాదమ్మా. నన్నెందుకు ఇందులోకి లాగడం?"

ఆమె ఇంకో కాగితం తీసి, నాలుగు వాక్యాలూ మళ్ళీ రాసి, సంతకం చేసి బల్లమీద పెట్టింది.

"వేస్తే మొత్తం వెయ్యండి," అంది. పదేళ్ళలో మొదటిసారి, చివర్లో 'సార్' అనలేదు.