బెంచీకి కుడి చివర

"ఇంతకీ మీ చీటీ ఏది?" అంది చిన్న డాక్టరు.

బెంచీకి కుడి చివర కూర్చున్న పెద్దాయన తల మొత్తం తిప్పి చూశాడు. చెవుల మీదుగా మఫ్లరు, ఒళ్ళో గొడుగు.

"నా చీటీ ఎప్పుడో అయిపోయిందమ్మా!" అన్నాడు, వరండా అంతా వినబడేలా.

"మెల్లిగా మాట్లాడండి. ఇది ఆస్పత్రి."

"ఆస్పత్రే గానీ చెవుల ఆస్పత్రి కదమ్మా. మెల్లిగా మాట్లాడితే ఇక్కడ ఎవరికి వినబడుతుంది?"

బెంచీ బెంచీ అంతా నవ్వింది. నర్సక్క ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్న డాక్టరుకు మాత్రం ఒళ్ళు మండింది.

కొన్ని నెలలుగా ఇదే వరస. ఆమె రోగులను చూసే రోజుల్లోనే ఈయన వచ్చి కూర్చుంటాడు. అదే చివర. అక్కడ ఇంకెవరైనా ఉంటే బతిమాలి జరిపి మరీ కూర్చుంటాడు. నర్సక్క ఆయనకు 'బెంచీ బాబాయి' అని పేరు పెట్టేసింది.

చిన్న డాక్టరు నెత్తిన ఉన్నది నలభై చెవుల పరిశోధన. చిల్లుపడిన కర్ణభేరికి శిక్షణలో ఉన్న డాక్టరు అతుకు వేస్తే రోగికి వినికిడి ఎంత తిరిగొస్తుందో తేల్చాలి. ఏడాది చివరికి నలభై పూర్తికాకపోతే పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

అతుకు వేసిన మనిషి ఫలితం చూడకూడదని నియమం. కట్టు విప్పేది, వినికిడి కొలిచేది వేరేవాళ్ళు. నలభై అయ్యాకే ఫలితాలున్న కవర్లు తెరుస్తారు.

చిక్కంతా రోగుల ఒప్పుకోలు సంతకాల దగ్గరే. 'ఈ ఆపరేషన్ నేర్చుకుంటున్న డాక్టరు చేస్తారు, పెద్ద డాక్టరు పక్కన ఉంటారు' అని కాగితంలో రెండో వాక్యమే. మొదటి రోగి సంతకం పెద్ద డాక్టరే తీసుకున్నారు. చిన్న డాక్టరు లోపలికి వెళ్ళేసరికి ఆకుపచ్చ గుడ్డ మధ్యలోంచి ఒక చెవి మాత్రం కనబడింది. రెండో మనిషి నుంచి ఒప్పించే పని ఆమెదే.

కాగితం చదవగానే అందరిదీ ఒకటే మాట.

"బయట కూర్చుని ఆలోచించుకుని వస్తామండీ."

పది నిమిషాలకు నవ్వుకుంటూ వచ్చి సంతకం పెట్టేవాళ్ళు. తను ఎంత బాగా వివరిస్తోందో అని ఆమె లోలోపల మురిసిపోయేది.

ఇవాళ తలుపు తీసి చూస్తే, ఆలోచించుకోవడానికి వెళ్ళిన టైలరమ్మకు బెంచీ బాబాయి ఏదో నూరిపోస్తున్నాడు!

"రోగులకు బయటివాళ్ళు ఏమీ చెప్పకూడదు. నా పరిశోధన పాడైపోతుంది. రేపట్నుంచి రాకండి."

పెద్దాయన ముఖం చిన్నబోయింది. గొడుగు తీసుకుని లేచాడు.

"సరేనమ్మా. ఎన్ని సంతకాలైనాయి?"

"మీకెందుకు?"

"ఈవిడతో ముప్ఫై ఒకటి బాబాయ్" అంది నర్సక్క.

"ఇంకా తొమ్మిది" అని వేళ్ళు మడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి వారం ముగ్గురు ఆలోచించుకోవడానికి బయటికి వెళ్ళారు. అటునుంచి అటే ఇళ్ళకు పోయారు. పై వారం ఐదుగురు. ఒకాయనైతే కళ్ళజోడు బల్లమీదే వదిలేసి పరిగెత్తాడు.

ఆమె బొమ్మలు గీసి చెప్పింది. ప్లాస్టిక్ చెవి తెచ్చి విప్పి చూపించింది. నెల గడిచినా ముప్ఫై ఒకటి ముప్ఫై రెండు కాలేదు.

"బాబాయి ఉన్నన్నాళ్ళూ ఒక్కరూ పారిపోలేదు డాక్టరమ్మా" అంది నర్సక్క.

"అంతగా ఏం చెప్పేవాడు?"

"ఏమో. నేను దగ్గరికెళ్తే మాట మార్చేసేవాడు."

చిన్న డాక్టరు సిగ్గు పక్కనపెట్టి గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఆయనా?" అన్నాడు వాచ్‌మన్. "రెండుసార్లు వచ్చి సంతకాల లెక్క అడిగాడమ్మా. పెరగలేదంటే ఉసూరుమన్నాడు. లోపలికెళ్ళమంటే, డాక్టరమ్మ వద్దంది కదా అన్నాడు. పోయినవారం ఇల్లు మారిపోయారు. ఎక్కడికో నేనూ అడగలేదు."

కాళ్ళీడ్చుకుంటూ తిరిగొస్తుంటే బెంచీ మీద టైలరమ్మ కనబడింది. మెడలో టేపు, చెవిలో దూది. పరీక్షకు వచ్చింది.

"డాక్టరమ్మా, నా చెవి..."

"చెప్పకండి! నేను వినకూడదు!" చిన్న డాక్టరు రెండు చెవులూ మూసుకుంది.

టైలరమ్మ పకపకా నవ్వింది. "సరే, నాది చెప్పను. మరి మీ ముఖం ఎందుకలా ఉందో చెప్పండి."

విషయం విని ఆవిడ లేచింది. వెళ్ళి బెంచీకి కుడి చివర సర్దుకుని కూర్చుంది.

"ఆ తొమ్మిదీ నాకొదిలేయండి."

"అలా చెప్పకూడదండీ, నియమం..."

"ఉన్నమాటే చెప్తాను. అబద్ధమైతే అప్పుడు లేపేద్దురు గాని."

"ఏమని చెప్తారు?"

"బాబాయిగారు నాకు చెప్పిందే."

"ఆయన ఏం చెప్పాడు?"

టైలరమ్మ నాలిక్కరుచుకుంది. "మీకు చెప్పొద్దన్నాడే!"

"మీకు దణ్ణం పెడతాను, చెప్పండి."

టైలరమ్మ పైటకొంగు మఫ్లరులా చుట్టుకుని, కుడి చెవి మీద చెయ్యి పెట్టి, అచ్చం ఆయనలాగే వరండా అంతా వినబడేలా అంది:

"నేర్చుకునే చెయ్యి ఎక్కడో ఒకచోట తప్పుతుంది తల్లీ, అది మొదటి చెవి దగ్గరే తప్పింది, ఆ చెవి నాది, ఇక నీకేం భయం లేదు, కానీ ఈ సంగతి ఆ అమ్మాయికి మాత్రం తెలియనివ్వకు, చెయ్యి వణుకుతుంది."