మొదటి పేజీ

దరఖాస్తు మొదటి పేజీని ఆమె నాలుగోసారి చదువుకుని మురిసిపోయింది.

"మీ పేరు పక్కన నా పేరు ఎంత ముద్దుగా ఉందో చూడండి."

"శుభలేఖ అనుకున్నావా? సర్కారు కాగితమే పిచ్చిమొద్దూ!" అన్నాడు భర్త. అని, తనూ వంగి చూసుకున్నాడు. నిజంగానే ముద్దుగా ఉంది.

అది సరోగసీ అనుమతులిచ్చే ఆఫీసు. తమ బిడ్డను ఇంకొకరి కడుపున మోయించుకోవాలంటే ఇక్కడ ముద్ర పడాలి.

ఆమెకు రేపటితో యాభై నిండుతాయి. నిండితే చట్టం ఒప్పుకోదు.

కిటికీ ఐదింటికి మూస్తారు. గోడ గడియారంలో నాలుగూ ఇరవై.

"ఏవండీ, ఊయల పసుపుపచ్చది కొందామా?"

"ముందు ముద్ర పడనీ తల్లీ!"

బెంచీ చివర కూర్చున్న ముసలావిడ వాళ్ల వైపు జరిగింది.

"అమ్మాయ్, ఆ కాగితం ఒక్కసారి ఇటివ్వు."

"ఎందుకు పెద్దమ్మా, మార్కులేస్తారా?" భార్య నవ్వుతూ ఫైలు చేతికిచ్చింది. కాలేజీ రోజుల నుంచీ ఆమెకు తన దస్తూరి అంటే గర్వం.

ముసలావిడ మొదటి వరుస చదివింది. మొహంలో నెత్తురు లేదు.

"తర్వాత ఎవరు? ఫైలు లోపలికి పంపండి!" కిటికీ వెనక గదిలోంచి ఫైళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మ కేక వినపడింది.

ముసలావిడ మొదటి పేజీని పర్రున చింపింది. ఉండ చుట్టి నోట్లో కుక్కుకుంది.



"ఏయ్! ఉమ్మెయ్!" భర్త లేచాడు.

ఆవిడ నములుతోంది.

చెంప ఛెళ్లుమంది. రెండో చెంప కూడా.

ఆవిడ నములుతూనే ఉంది.

అతను దవడ పట్టుకుని నోట్లో వేళ్లు దూర్చాడు. ఆవిడ కొరికింది. అతను పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి నేల మీద పడింది.

"నా బిడ్డని మింగేస్తోందండీ!" భార్య ఆవిడ జుట్టు రెండు చేతులా పట్టుకుని ఇనప బెంచీకేసి కొట్టింది. "ఉమ్మెయ్యవే! ఉమ్మెయ్యి!"

మళ్లీ కొట్టింది.

కింద పడ్డాక అతను కడుపులో తన్నాడు.

ముసలావిడ కళ్లు మూసుకుని, కష్టపడి, గుటక వేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ పరుగున వచ్చింది. "ఎవరు కొట్టింది?"

వరుసలో అందరూ ఎవరి ఫైలు వాళ్లు గుండెలకు హత్తుకున్నారు.

"దాడి కేసు ఉన్నవాళ్లకి అనుమతి రాదు. నువ్వు ఊ అంటే చాలు, వీళ్ల ఫైలు ఇక్కడే మూసేస్తా. చెప్పు, ఎవరు?"

ముసలావిడ భార్య వైపు చూసింది. ఆమె వేళ్లకి ఇంకా నెరిసిన వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.

"ఎవరూ కొట్టలేదమ్మా. జారి పడ్డాను."

"జారితే రెండు చెంపలూ వాస్తాయా?"

"రెండుసార్లు జారానమ్మా."

స్ట్రెచరు వచ్చింది. ఎత్తుతుంటే ఆవిడ భార్య కొంగు పట్టుకుంది.

"ఇంకా టైముంది. మళ్లీ రాయి. ఆ మాట లేకుండా రాయి."

"ఏ మాట?"

అప్పటికే స్ట్రెచరు గుమ్మం దాటింది.

కిటికీలో గుమాస్తా కొత్త పేజీ ఇచ్చాడు. "పాతదాంట్లో ఏం రాశారు?"

"అందరూ అనేదే కదండీ. 'అద్దె గర్భం కోసం దరఖాస్తు' అని."

గుమాస్తా వెనక్కి తిరిగి గది వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"నెమ్మదిగా! ఊరికే మోస్తేనే చట్టం ఒప్పుకునేది. అద్దె అన్నారంటే డబ్బిచ్చామని ఒప్పుకున్నట్టే. కింద మీ సంతకాలు కూడానూ. మీరిద్దరూ, మోసే ఆవిడా ఇటు నుంచి ఇటే జైలుకి."

"మోసేది మా ఆడపడుచండీ! అభిమానంతో తనే ముందుకొచ్చింది. టీవీల్లో, పేపర్లలో అందరూ అనే మాటేగా అని..."

"అందుకే అందరూ అదే రాస్తారు."

"ఆ సంగతి నోటితో చెప్పొచ్చుగా ఆవిడ?" అన్నాడు భర్త. పళ్లు దిగిన వేళ్లను రుమాల్లో దాచుకున్నాడు.

"మొదట్లో చెప్పేది. తప్పేముందని మీలాంటి వాళ్లు గట్టిగా వాదించేవారు. లోపలికి వినపడేది. అప్పట్నుంచి మింగడం మొదలుపెట్టింది. మీది పదకొండో పేజీ."

భార్య రాసింది. ఈసారి అక్షరాలు వంకరపోయాయి.

ఐదుకు మూడు నిమిషాలుండగా ముద్ర పడింది.

ఇద్దరూ ఆ ముద్ర వైపు చూడలేదు. వెనక ఎవరో బెంచీ కింద నేల కడుగుతున్నారు.

కిటికీలో ఫోను మోగింది. గుమాస్తా విన్నాడు. మెల్లగా పెట్టేశాడు.

"దారిలోనే పోయిందట."

భార్య కిటికీ చువ్వలు పట్టుకుంది. "ఆవిడకి... ఎవరున్నారు?"

"కూతురుండేది. మీలాగే ముచ్చటగా రాసేది."

"ఏం రాసింది?"

"ఈ ఆఫీసుకొచ్చిన మొట్టమొదటి దరఖాస్తులో అదే మాట," అన్నాడు గుమాస్తా కిటికీ తలుపు దగ్గరికి లాగుతూ, "సొంత కూతురి బిడ్డను కడుపున మోస్తానని వచ్చి, అద్దె తీసుకుందని మూడేళ్లు జైల్లో ఉన్న తల్లండీ ఆవిడ."