సంఘం ఫాయిదా

అత్వెల్లిలో పాలకూర మడి గట్టున నిలబడి అమీర్ అలీ ఆకాశంలోకి చూస్తున్నాడు. చేతిలో ఎర్ర తువ్వాల. పైనుంచి చూస్తే పచ్చటి మడిలో ఎరుపే కనిపిస్తుందని కూతురు నౌరీన్ చెప్పింది. ప్రతి ఆదివారం నాలుగింటికి ఆమె నడిపే చిన్న విమానం శామీర్‌పేట చెరువు వైపు నుంచి వస్తుంది. ఆయన తువ్వాల ఊపుతాడు, ఆమె రెక్క వంచి వెళ్లిపోతుంది.

ఇవాళ ఐదు దాటింది.

ఫోన్ మోగింది.

"సార్, పైలెట్ల సంఘం నుంచి మాట్లాడుతున్నాను. నౌరీన్ గారి నాన్నగారేనా?"

"గా సంఘమా! ఉత్త దండుగ, చేరకు బేటా అని మొన్ననే చెప్పిన."

"ఆమె చేరారు సార్. ఫారంలో మీ నంబరే ఇచ్చారు. నేను చెప్పేది ఒక్కసారి..."

"చేరిందా? నా మాట ఎన్నడిన్నది గనక! అండ్ల ఏం ఫాయిదా ఉన్నదమ్మా?"

అవతలి గొంతు తడబడింది. "మెడికల్ పరీక్షకు డాక్టరు, కేసైతే వకీలు..."

"గవన్నీ ఆమెకు. ఇంట్ల ఉన్నోళ్లకు ఏమొస్తది?"

ఆమె ఒక్కో మాటే ఆచితూచి చెప్పింది.

"విమానం టైముకు దిగకపోతే మేమే ఇంటికి ఫోన్ చేస్తాం సార్. ఆచూకీ తెలిసేదాకా ఇంటివాళ్లను ఒంటరిగా వదలం."

"గిది మంచిగున్నది," అన్నాడు అమీర్ అలీ, ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే. "సరే, ఇగ పెట్టెయ్ తల్లీ. నా బిడ్డకు ఇయ్యాల లేటైంది, వస్తె తువ్వాల ఊపాలె."

ఆమె ఫోన్ పెట్టలేదు.

"లైన్‌లోనే ఉంటాను సార్," అంది.