నెలాఖరు రోజు వాళ్ళు

అది మే ముప్పై ఒకటి. స్కాన్ అయ్యాక ఆసుపత్రి క్యాంటీన్‌లో ఆయనా, ఆయన భార్యా చెరో బన్ను తిన్నారు. ఆమె బన్ను టీలో మెత్తబడి విరిగి పడితే, చెంచాతో వెతుక్కుంటూ నవ్వింది.

"ఏదైనా తేడా ఉంటే ఒకటో తారీఖు తర్వాత ఫోన్ చేస్తారట."

"ఫోన్ చెయ్యాల్సినవాళ్ళ లిస్టు తీసేది నేనేగా. ఫోన్ రాలేదంటే ఏమీ లేనట్టే," అన్నాడాయన.

ఫోన్ రాలేదు. ఇద్దరూ గుండెల మీద చేతులేసుకుని నిద్రపోయారు.

ఆమె మరో మే నెల చూడలేదు.

ఇది జరిగి మూడేళ్ళు. ఆయన ఇప్పటికీ అదే ఆసుపత్రిలో, అదే కంప్యూటర్ గదిలో ఉన్నాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున, గడిచిన నెల స్కాన్లలో అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు తీసి, ఫోన్లు చేసే నర్సుకి ఇస్తాడు.

ఒక సాయంత్రం ఆ నర్సే కాగితాల కట్టతో వచ్చింది.

"అన్నయ్యా, మీ కంప్యూటర్‌కి నెలాఖరంటే ఒళ్ళు బద్ధకమా?"

"ఏం చేసిందమ్మా పాపం?"

"పాత లిస్టులన్నీ తిరగేశాను. నెలాఖరు రోజు వచ్చినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆ రోజు వచ్చేవాళ్ళవన్నీ ఉక్కు శరీరాలా?"

ఆయన నవ్వుతూనే, కంప్యూటర్‌లోంచి ఆ పేర్లు ఏరి తీసే క్వెరీ తెరిచాడు. ఆరేళ్ళ కిందట తన చేత్తో రాసిందే. నెల ఒకటో తారీఖు నుంచి ఆఖరి తారీఖు వరకు. ఇందులో తప్పేముంది?

తేదీ పక్కన గంటలు లేవు.

గంటలు రాయకపోతే మెషీన్ అర్ధరాత్రి పన్నెండు అనుకుంటుంది. ఆఖరి తారీఖు మొదలవుతూనే నెల అయిపోయిందంటుంది. ఆ రోజు తెల్లారాక వచ్చినవాళ్ళు ఈ నెలకీ కారు, పై నెలకీ కారు.

నవ్వు ఆగిపోయింది.

ఒక్క వరుస మార్చాడు. రెండు నిమిషాల పని. ఆరేళ్ళకీ మళ్ళీ నడిపాడు.

నలభై మూడు పేర్లు.

స్క్రీన్ మీద ఆయన వేలు కిందికి జరుగుతూ ఒకచోట ఆగింది. భార్య పేరు. మే ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడూ ఇరవై. మళ్ళీ పరీక్ష అవసరం.

వెనకనుంచి నర్సు కూడా చదివింది. నీళ్ళ సీసా మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"ఫోన్లు రేపు పొద్దున చేద్దాం. ఇంటికెళ్ళండన్నయ్యా," అంది.

"వీళ్ళంతా ఇంకా ఫోన్ రాలేదన్న ధీమాతో ఉంటారమ్మా. ఇప్పుడే చేద్దాం."

లిస్టు రెండు కాగితాలొచ్చింది. ఆ పేరున్న కాగితాన్ని నర్సు తన వైపు లాక్కుంది.

ఆయన మొదటి నంబరు కలిపాడు.

"మా నాన్నగారా? పోయి రెండేళ్ళు దాటిందండీ. ఎవరు మాట్లాడేది?"

రెండోది ఎవరూ ఎత్తలేదు.

మూడోది ఒక పెద్దావిడ. "బాగానే ఉన్నా బాబూ, కాస్త నీరసం, అంతే. మీరు చెయ్యలేదు కదా, ఏమీ లేదనుకున్నా."

"రేపు పొద్దున్నే రండమ్మా. గేటు దగ్గర నేనుంటాను."

ఎనిమిదయ్యేసరికి ప్రతి పేరు పక్కనా ఒక మాట పడింది. వస్తామన్నారు. ఎత్తలేదు. పోయారు.

నర్సు కాగితంలో ఒక్క గడి మిగిలింది.

"ఇక్కడ ఏం రాయమంటారు?"

"ఫోన్ చెయ్యలేదని రాయి."

రాసింది.

"ఎందుకు చెయ్యలేదో కూడా రాయి. కింద నా పేరు పెట్టి, పొద్దున్నే పెద్ద డాక్టరుగారికి ఇచ్చెయ్యి."

"అన్నయ్యా, ఉద్యోగం..."

"రాయమ్మా."

అక్షరం అక్షరం నిదానంగా రాసింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడని లైటు ఆర్పలేదు.

బయటికి వెళ్ళి, గడియ చప్పుడు కాకుండా, తలుపు దగ్గరగా వేసింది.