పక్కింటి గోడ మీద మంత్రిగారు

మంత్రిగారు ఇప్పుడు సభలు పెట్టడం లేదు. రోజూ పొద్దున్నే ఆయన బొమ్మ ప్రతి ఇంటి వంటగది గోడ మీద ప్రత్యక్షమై, ఎదురుగా ఉన్నవాళ్ళకు ఏం కావాలో కనిపెట్టి, సరిగ్గా అదే ఇస్తానని ప్రసంగిస్తుంది. సాయంత్రానికి అన్నీ చెరిగిపోతాయి. ఆర్కైవ్స్ ఆఫీసులో పనిచేసే వకుళ ఆ రోజుకి ఎంచి దాచిన ఒక్క ప్రసంగమే మిగులుతుంది. చట్టప్రకారం అందులోని హామీ తీర్చి తీరాలి.

వకుళ అత్తగారు అచ్యుతమ్మకు రోజు విడిచి రోజు డయాలసిస్. జిల్లా ఆసుపత్రికి వెళ్ళి రావడంతోనే ప్రాణం సగమవుతోంది.

"మనూళ్ళోనే డయాలసిస్ సెంటర్ పెడతానన్నాడే అమ్మాయ్! అది దాచెయ్" అందావిడ.

"మనింట్లో చెప్పింది నేను దాచకూడదు అత్తయ్యా. ఉద్యోగం ఊడుతుంది."

"పక్కింట్లో చెబితే?"

"వాళ్ళకి కావాల్సింది జిమ్. జిమ్ గురించే చెబుతాడు."

మర్నాడు పొద్దున అచ్యుతమ్మ పెరుగు తోడుకని గిన్నె పట్టుకెళ్ళి, పక్కింటి వంటగదిలో గోడకెదురుగా నిలబడింది. మంత్రిగారి బొమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, జిమ్ మాట మధ్యలో ఆపేసి, డయాలసిస్ సెంటర్ అందుకుంది.

మధ్యాహ్నం ఆ ప్రసంగానికి వకుళ 'చారిత్రకం' అని ముద్ర వేసి, ఇంటికి ఫోన్ చేసింది.

"దాచేశాను అత్తయ్యా. ఇక ఎవరూ మార్చలేరు."

"చల్లగా ఉండు తల్లీ. రేపు ఎదురింటికి కరివేపాకు కోసం వెళతా" అంది అచ్యుతమ్మ. "మన వాగుకి వంతెన కూడా కావాలిగా!"