రద్దయిన సెలవు

ఆఫీసులో అందరికన్నా సీనియరైన పెద్దాయన పోయినందుకు రేపటికి ఇచ్చిన సెలవును మేనేజరు రద్దు చేశాడు. పనిరోజులు లెక్కగట్టే ప్రోగ్రాములో సెలవుల పట్టికలోంచి ఆ తేదీ తీసేయమని రాత్రి ఫోన్లో హుకుం.

"ఒక్కరోజుకి కొంపలేం మునగవు సార్. ఆ ప్రోగ్రాము రాసిందే ఆయన" అంది ప్రోగ్రామరు, పళ్లు కొరుకుతూ.

"డెలివరీ ఆలస్యమైతే నువ్వు సమాధానం చెప్తావా? తీసెయ్."

ఏనాడూ పని మానని మనిషికి ఈపాటి మర్యాదైనా దక్కలేదని తిట్టుకుంటూ, ఖాళీ ఆఫీసులో ఒంటరిగా ఆమె సెలవుల పట్టికలో ఆ తేదీ చెరిపేసింది. పన్నెండు దాటింది. పనిరోజు మొదలైంది.

ఏసీ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, వెనక ఎవరో చెప్పులు విడిచారు. పెద్దాయన కుర్చీ కిర్రుమంది. కీబోర్డు మీది దుమ్ము ఊదిన చప్పుడు.

ఆమె తల తిప్పలేదు.

"చచ్చినా సెలవివ్వరన్నమాట, అమ్మాయ్."